పెద్దగంట అంచున నల్లమచ్చ

పదకొండేళ్లుగా ఒక గంట బరువు మోస్తున్నాను. మాటవరసకు అనడం లేదు. అది నిజంగా గంటే. కంచుది, నలుగురు పట్టినా కదలనిది. ఈ సంగతి మా ఆవిడకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

మాది మాచర్ల. వెల్డింగ్ షాపు. కాస్త దూరంలో ఒక పల్లెలో పాత రాతి చర్చి ఉంది. దాని గోపురంలో మూడు గంటలు. చిన్నది, నడిమిది, పెద్దది. మూడూ వరసగా మోగితే మిరపచేలల్లో వంగిన నడుములు లేచేవి. పెద్దగంట కొట్టడం ఆపాక కూడా దాని మోత చాలాసేపు గాలిలో ఉండేది. నేను నమాజు చేసేవాణ్ణి, అటు పని మీద వెళ్లినప్పుడు వింటే నాకూ ఒళ్లు జలదరించేది. సంఘంలో ఎవరైనా పోతే, ఆ మనిషి ఎన్నేళ్లు బతికితే పెద్దగంట మీద అన్ని దెబ్బలు కొట్టేవారు. కొట్టేది దేవదానం బాబాయి. నలభై ఏళ్లుగా తాడు ఆయన చేతిలోనే ఉండేది. లెక్క ఏనాడూ తప్పలేదు.

గంటలు వేలాడే ఇనుప దూలం తుప్పు పట్టి చీలితే నన్ను పిలిచారు. గోపురం ఎక్కడం అదే మొదటిసారి. పెద్దగంట పక్కన నిలబడ్డాను. దాని మీద నాకు తెలియని అక్షరాలు. ఓడలో వచ్చి, ఎడ్లబండి మీద ఆ ఊరు చేరిందట. అరచెయ్యి ఆనించాను. కింద ఎవరో తలుపు వేస్తే ఆ అదురు గంటలో సన్నగా తెలిసింది. బతికున్నదాన్ని ముట్టుకున్నట్టు భయం వేసింది.

అంత భయపడ్డవాణ్ణి, మరి ఆ తర్వాత ఏం చేశాను?

వెల్డింగ్ చేసేటప్పుడు ఎర్త్ క్లాంపును, అంటే కరెంటు తిరిగి మిషన్‌కు వెళ్లే తీగ చివరి పట్టకారును, అతికే ఇనుముకే, తుప్పు గీకి, తగిలించాలి. రాడ్డు పట్టిన ఎవరికైనా తెలిసిన సంగతి. దూలం మీద మందాన తుప్పు పేరుకుంది. గీకడానికి పావుగంట పట్టేది. గంట అంచేమో నున్నగా, శుభ్రంగా ఎదురుగా ఉంది. రెండూ కలిసే ఉన్నాయి కదా, కరెంటు పోతుందిలే అనుకుని క్లాంపు గంట అంచుకు పట్టించాను. పట్టు వదులైంది. రాడ్డు అంటించగానే క్లాంపు దగ్గర చిటపటమని నిప్పులు లేచాయి. తీసి చూస్తే బొటనవేలి గోరంత నల్లమచ్చ. దాని పక్కన వెంట్రుకంత గీత. మసి అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? మసి అయితే తుడిస్తే పోవాలి. తుడిచాను. పోలేదు. పని ముగించి దిగి వచ్చేశాను.

ఆ ఆదివారం బాబాయి తాడు లాగాడు. నాలుగో దెబ్బకు మోత చచ్చిపోయింది. పగిలిన కుండను తట్టినట్టు వినిపించిందట. గీత జానెడు పైకి పాకింది. దూలం బాగయిందన్న సంబరంలో ముసలాడు ఒళ్లెరగకుండా లాగి గంట పగలగొట్టాడన్నారు సంఘపెద్దలు. తాడు ఆయన చేతిలోంచి తీసేసుకున్నారు. స్పీకరు బిగించి రికార్డు గంటలు మోగించడం మొదలుపెట్టారు.

వారం తర్వాత ఆయన బస్సెక్కి నా షాపుకు వచ్చాడు. బల్ల మీద కూర్చుని, తన చేతులు తానే చూసుకుంటూ అడిగాడు.

"సాయిబూ, నువ్వు ఇనుం సంగతి తెలిసినోడివి. నిజం చెప్పు. నేను అంత గట్టిగా లాగానంటావా? నాకైతే రోజూ లాగినట్టే లాగాననిపిస్తంది."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఇంకేముంటుంది?

"వయసైంది గదా బాబాయ్. చెయ్యి అదుపు తప్పుంటది. నీకే తెలిసుండదు," అన్నాను.

ఆయన చాలాసేపు తలూపాడు. "అంతేనేమోలే. చానా పెద్ద తప్పు చేశానయ్యా," అని, నేను తెప్పించిన టీ సగం తాగి వెళ్లిపోయాడు.

నా మాట నమ్మాడు. అదే నన్ను తినేస్తోంది. గంట పగలడం నా బద్ధకం. ఈ మాట బద్ధకం కాదు, తెలిసి అన్నది. షాపు పేరు పోతుందని అన్నానా? నా పనికి వంక రాకూడదన్న పొగరుతో అన్నానా? రెండూ.

పోయిన వేసవిలో బాబాయి పోయాడు. స్పీకరు వద్దని, తనకు పెద్దగంటే కొట్టాలని ముందే మాట తీసుకున్నాడట. "నేను పగలగొట్టిందేగా, నాకు అదే కొట్టండి" అన్నాడట. వెళ్లి గోపురం కింద నిలబడ్డాను. డెబ్బై ఎనిమిది దెబ్బలు. ఒక్కొక్కటీ బొంగురుగా, గొంతు పూడిపోయినట్టు వచ్చింది. అయినా రోడ్డు మీద ఆటోలు ఆగాయి. చేలల్లో జనం లేచి నిలబడి తలగుడ్డలు తీశారు. పగిలిన గంటకూ అంత శక్తి ఉందా అనుకున్నాను. యాభై దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత నా వల్ల కాలేదు.

అల్లాకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. తెలియాల్సింది మనుషులకు. క్షమించమని మిమ్మల్ని అడగను, అడగాల్సినాయన సమాధిలో ఉన్నాడు. చెప్పాక గుండె కాస్త తేలికైంది, అంతవరకే.

దేవదానం బాబాయి ఆ రోజు కూడా రోజూ లాగినట్టే లాగాడు. నమ్మకపోతే గోపురం ఎక్కండి. పెద్దగంట అంచున, తూర్పు వైపు, గోరంత నల్లమచ్చ ఉంటుంది. చీలిక అక్కడే మొదలవుతుంది.