శుక్రవారం ఊడిన తీగ

మా కోడలు ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటుంది. మొన్న నేను కాఫీ తాగుతూ చూస్తుండగా లాప్‌టాప్‌లో ఏదో నొక్కింది, ‘వీపీఎన్ కనెక్టెడ్’ అని పచ్చగా వచ్చింది, అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మాత్రం పనికా నేను ఒమాన్‌లో ఆ చండాలమంతా పడింది!

తొంభైల చివర, ఎక్కడో ఉన్న ఆఫీసు కంప్యూటర్‌కి ఇంటర్నెట్ మీదుగా చాటుదారి వేసే ఈ వీపీఎన్‌ని ఒమాన్ దేశం మొత్తంలో మొట్టమొదట పెట్టినవాణ్ణి నేనే. సరే, దేశంలో కాదు, బర్కా దగ్గర మా కన్‌స్ట్రక్షన్ సైట్‌లో. అక్కడున్న కంప్యూటర్ డబ్బా కూడా ఒక్కటే లెండి. కంప్యూటర్ వచ్చా అని మేనేజరు అడిగితే ధైర్యంగా తల ఊపి, ఎండలో హెల్మెట్టు డ్యూటీ తప్పించుకుని ఏసీ క్యాబిన్‌లో కుర్చీ సంపాదించాను. మస్కట్‌లో రూవి హెడ్డాఫీసుకి ఆ డబ్బాను కలపలేకపోతే శనివారం నుంచి మళ్లీ ఎండలోకే.

ఆ డబ్బాను తలుచుకుంటే ఇప్పటికీ రోత. కీబోర్డులో ఇసుక, మౌస్ నిండా ఎవరి వేళ్లదో ఖర్జూరం జిగురు, వెనక ఫ్యానులోంచి బల్లి మాడిన కంపు. ఏది మార్చినా రీస్టార్ట్ చెయ్యమనేది, చేస్తే సీడీ పెట్టమనేది, పెడితే పాస్‌వర్డ్ తప్పనేది. పైగా సైట్‌కంతటికీ ఒకటే ఫోను లైను. మోడెం కీచుమంటూ దాన్ని పట్టుకుంటే బయటి ఫోను లోపలికి రాదు. మామూలు రోజుల్లో లైను ఫ్యాక్సులకు కావాలని ఈ పని సెలవురోజైన శుక్రవారం పెట్టారు. శుక్రవారమేమో మావాళ్లకు ఇళ్ల నుంచి ఫోన్లొచ్చే రోజు. ఫోనులో మనిషి కనపడడని తెలిసినా స్నానాలు చేసి, తలకు నూనె రాసి దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలు తొడుక్కుని క్యాబిన్ గోడకు ఆనుకుని వరసగా కూర్చునేవారు.

ఆవేళ వరసలో ముందున్నది నా రూమ్‌లోని జగిత్యాల తమ్ముడు. భార్యను కాన్పుకు ఆసుపత్రిలో చేర్చారని ముందురోజే కబురొచ్చింది.

“అన్నా, జర లైను ఇడువే. ఇంటికెల్లి ఫోనొస్తది.”

“ఆగు తమ్ముడూ, అయిపోవచ్చింది.”

“పొద్దుగాల్ల సంది గదే అంటున్నవ్. నీ డబ్బ ఎన్నడు కంటదో ఏమో, నా పెండ్లామైతే ఈపాటికి కన్నది కావచ్చు!”

వరసంతా నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు.

మధ్యాహ్నం దాటాక తెరమీద ‘కనెక్టెడ్’ అని వచ్చింది. మేనేజరును కేకెయ్యబోయి, తమ్ముడి మొహం చూసి, కుర్చీ పోతే పోయిందని మోడెం తీగ పీకి పారేశాను. ఇన్నేళ్లుగా ఇంట్లో ఇలాగే చెబుతూ వచ్చాను. నిజానికి సంబరం పట్టలేక గెంతుతూ లేచాను, కాలికి చుట్టుకుని తీగ ఊడింది. తిట్టుకుంటూ మళ్లీ గుచ్చబోతుంటే ఫోను మోగింది.

ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

“ఏడ్సిందా? మంచిగ ఏడ్సిందా?” అని అడుగుతూ తమ్ముడే ఏడ్చేశాడు. అందరికీ ఖర్జూరాలు పంచాడు. ఆ జిగురు చేతులతోనే అందరూ నా మౌస్ ముట్టుకున్నారు, ఛీ. హెడ్డాఫీసుకి దారి మళ్లీ కలవలేదు. శనివారం హెల్మెట్టు పెట్టుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి ఫోను వాళ్లది, ఎవరి తలుపు వాళ్లు మూసుకుంటారు. లైను ఇడువమని బతిమాలే పని లేదు, పక్కవాడు ఏ కబురు కోసం కూర్చున్నాడో తెలిసే వీలూ లేదు. నిన్న మస్కట్ నుంచి మా మేనల్లుడు వీడియోలో పలకరించాడు, పళ్లు తోముకుంటూ, నురగ నోటితో. మనిషి నిలువునా కనపడుతున్నాడు. ఛీ, తలైనా దువ్వుకోలేదు.