తగిలిందని చెప్పిన పిల్ల

మా నాయినకు ఫెన్సింగ్ అంటే చేను చుట్టూ వేసే ముళ్లతీగ. హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికి వచ్చి, బడిలో ఫెన్సింగ్ నేర్చుకుంటున్నానని చెప్తే మిరపచేలో కలుపు తీస్తున్నవాడు తలెత్తి, "ఆడపిల్లలతోటి కంచె పని చేయిస్తున్నరా?" అని అడిగాడు. మేము ఇంట్లో మాట్లాడుకునేది తండా భాష. అందులో ఈ ఆటకు పేరు లేదు. కత్తి అనేసరికి అమ్మ భయపడింది. చివరికి ఒక పత్తికట్టె తీసుకుని, కాలు ముందుకు సాచి, ఎట్లా పొడుస్తారో చూపించాను. ఇద్దరూ కాసేపు చూసి మళ్లీ పనిలో పడ్డారు.

మా తండా గార్లకు దగ్గర. నేను చదివింది మహబూబాబాద్‌లో, ఆడపిల్లల హాస్టల్ బడిలో. ఆటలు నేర్పే మేడంది జనగామ. కాలేజీ రోజుల్లో హైదరాబాద్‌లో ఫెన్సింగ్ ఆడిందట. దేశం తరఫున ఆడాలని ఆశపడి, అక్కడిదాకా పోలేక, ఉద్యోగంలో చేరింది. తాను వాడిన పాత కత్తులూ మాస్కులూ గోనెసంచిలో కట్టి మా బడికి తెచ్చింది. మిగతా బళ్లలో అమ్మాయిలు ఖోఖో ఆడుతుంటే మేము భోజనాల హాలు ఖాళీ చేసి, బెంచీలు గోడకు నెట్టి, తెల్ల చొక్కాలు తొడుక్కుని ఒకరినొకరం పొడుచుకునేవాళ్లం. ఆ కత్తులు మొద్దువి, మొన దగ్గర బొడిపె ఉంటుంది. తగిలితే గాయం కాదు, కమిలిపోతుంది.

నాతో జోడీగా ఆడే పిల్లది కేసముద్రం. వాళ్ల నాయిన మార్కెట్ యార్డులో హమాలీ. ఆమెది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో అన్నం తింటుందని ఇంట్లో తిట్లు తిన్న పిల్ల, ఇక్కడ అదే చేతికి మేడం మెచ్చుకోళ్లు వినేసరికి మొదట నమ్మలేదు. ఆమెతో ఆడటం అద్దంలో మనిషితో ఆడినట్టుండేది. ఎటునుంచి వస్తుందో తెలిసేది కాదు. మా ఇద్దరిలో ఆమే మేలైన ఆటగత్తె. ఆ సంగతి నాకూ తెలుసు, అందరికీ తెలుసు.

ఒక వానాకాలం మధ్యాహ్నం మేడం మమ్మల్ని కంప్యూటర్ల గదికి తీసుకెళ్లి ఒక పాత వీడియో చూపించింది. నలుపు తెలుపు బొమ్మ, శబ్దం లేదు. ఐరోపాలో ఏదో పెద్ద నగరంలో జరిగిన అంతర్జాతీయ పోటీ అని చెప్పింది. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయి, రెండోది ఇంకా రాని కాలం. ఆడవాళ్లకు అంత పెద్ద స్థాయిలో పోటీలు పెట్టడం అప్పుడప్పుడే మొదలైందట. మోకాళ్ల కిందిదాకా తెల్లని స్కర్టులు, ముఖానికి జాలీ మాస్కులు. ఆడుతున్న ఇద్దరి చుట్టూ సూట్లు వేసుకున్న నలుగురు మగవాళ్లు కాస్త వంగి, అటూ ఇటూ కదులుతూ చూస్తున్నారు.

"గిప్పటి లెక్క కరెంటు మెషీన్లు లేవు అప్పుడు" అంది మేడం. "ఎవరికి తగిలిందో ఆ నలుగురు కండ్లతోటి చూసి చెప్పాలె. వాళ్లకు కనబడకుంటే లేనట్టే. గిప్పుడు చూడుండ్రి."

ఇద్దరు ఆడవాళ్లు ఒక్కసారిగా ముందుకు దూకారు, కత్తులు వంగాయి, విడిపోయారు. నలుగురిలో ఎవరూ చెయ్యెత్తలేదు. అప్పుడు ఆ ఆడవాళ్లలో పొడుగ్గా ఉన్నామె ఆగి, ఖాళీ చెయ్యి పైకెత్తి, తన ఛాతీ మీద వేలితో చూపించింది. తనకు తగిలిందని. ఎదుటామె తల వంచింది. అక్కడితో ఆ ముక్క తెగిపోయింది.

"ఆమె గెలిచిందా మేడం?" అని నా జోడీ అడిగింది.

"తెల్వదు బిడ్డా. రీలు గంతవరకే ఉంది. ఆమె పేరు గూడ తెల్వదు." మేడం కొంచెంసేపు తెరకేసి చూసింది. "వాళ్ల దేశాలన్నీ అంతకుముందే కొట్టుకున్నయ్. కొన్నేండ్లకు మల్ల కొట్టుకున్నయ్. ఆ ఆడోళ్లు తర్వాత ఏమయ్యిండ్రో."

నా జోడీ ఆ వీడియో మళ్లీ పెట్టమంది. తర్వాత కూడా కంప్యూటర్ క్లాసు దొరికినప్పుడల్లా పెట్టించుకునేది. ఆ పొడుగామెకు మేము పొడుగక్క అని పేరు పెట్టుకున్నాం.

మాకూ మెషీన్ లేదు కాబట్టి మేడం అదే పద్ధతి పెట్టింది. చిన్న తరగతుల పిల్లలు నలుగురు చుట్టూ నిలబడి చూడాలి. వాళ్లు చూసినా చూడకపోయినా, తగిలినవాళ్లు తగిలిందని నోటితో చెప్పాలి. చెప్పకపోతే ఆ రోజు ఆట బంద్. నెమ్మదిగా అది అలవాటైపోయింది. పళ్లు తోముకోవడం లాగా, ఎవరూ చూడకపోయినా చేసే పని అయింది.

రాష్ట్ర జట్టు ఎంపికలు ఆ ఏడు జనగామలో పెట్టారు, ఒక ఫంక్షన్ హాల్లో. జట్టులోకి వెళ్తే జాతీయ పోటీలు. ఆ సర్టిఫికెట్ ఉంటే చదువుకైనా, సర్కారు కొలువుకైనా దారి దొరుకుతుందని అందరికీ తెలుసు. పొద్దున్నుంచి వాన. ఒంటికి వైరు తగిలించుకుని, లైటు వెలిగితే పాయింటు ఇచ్చే మెషీన్‌ను మేము మొదటిసారి అక్కడే చూశాం. కానీ మధ్యాహ్నం కరెంటు ఎక్కువ తక్కువై ఆ మెషీన్ కాలిపోయింది. మిగిలిన ఆటలు చూపుతోనే తేలుస్తామని రెఫరీ సారు ప్రకటించి, దొరికిన నలుగుర్ని పిలిచి చుట్టూ నిలబెట్టారు.

చివరి చోటు కోసం మిగిలింది మేమిద్దరమే. ఒకే హాస్టల్, పక్కపక్క పరుపులు. ఆడుతూ ఆడుతూ సమానమయ్యాం. ఒక్క పాయింటు మిగిలింది. నేను ముందుకు దూకాను. ఆమె కత్తి నా కత్తిని పక్కకు కొట్టినట్టే అనిపించింది. ఆ వెంటనే ఆమె మొన నా ఛాతీ మీద గట్టిగా దిగింది. చూసేవాళ్లు చేతులెత్తారు. రెఫరీ ఆమె వైపు చెయ్యి చూపించారు. అయిపోయింది. ఆమె గెలిచింది.

నేను మాస్కు తీస్తున్నాను. అప్పుడు ఆమె గొంతు వినిపించింది.

"సార్, ముందుగాల నాకే తగిలింది."

"ఎవరూ చూడలేదు కదమ్మా."

"నాకు తెలుస్తది గద సార్. పక్కబొక్కల మీద తగిలింది" అని పక్కటెముకల మీద వేలు పెట్టి చూపించింది.

రెఫరీ చిరాకుపడి నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు, తగిలిందా?"

"నాకు తెల్వదు సార్" అన్నాను. నిజంగానే తెలియదు. ఆ తొందరలో నా చేతికి ఏమీ తెలియలేదు.

ఆయన మేడం వైపు చూశారు. ప్లాస్టిక్ కుర్చీల్లో ముందు వరసలో కూర్చున్న మేడం లేచి నిలబడింది. ఏదో అంటుందనుకున్నాం. మళ్లీ కూర్చుంది. రెఫరీ భుజాలెగరేసి, ఆమే ఒప్పుకుంటున్నప్పుడు మనదేముందని, పాయింటు నాకు ఇచ్చారు.

జనగామ నుంచి కాజీపేట, అక్కడ బండి మారి మహబూబాబాద్. దారంతా మేడం కిటికీలోంచి బయటకు చూస్తూనే ఉంది. నా జోడీ మాత్రం ఉడకబెట్టిన పల్లీలు ఒలిచి నా చేతిలో పెడుతూ, జాతీయ పోటీల్లో పొడుగువాళ్లు వస్తే దగ్గరకు పోయి ఆడమని సలహాలు చెప్పింది. నేను పల్లీలు తినలేకపోయాను, పిడికిట్లోనే ఉంచుకున్నాను.

ఆ ఆదివారం నా జోడీ వాళ్ల నాయిన హాస్టల్‌కు వచ్చాడు. భుజం మీద తువాలకు ఇంకా మిరపఘాటు ఉంది. వరండాలో మేడం ముందు నిలబడి మెల్లగా అడిగాడు.

"మా పిల్ల గెలిచిందంట గద మేడం. మరి ఓడిపోయిన్నని ఎందుకు చెప్పింది?"

"నిజం చెప్పిందన్నా."

"నిజమే. కనీ ఆమెను ఎవ్వలడగలేదు గద."

ఆయన కోపపడలేదు. కూతుర్ని పిలిచి, తెచ్చిన జామకాయలిచ్చి, నాకూ రెండు ఇవ్వమని చెప్పి, స్టేషన్ వైపు నడుచుకుంటూ పోయాడు.

జాతీయ పోటీలు ఉత్తరాదిన ఒక చలి ఊళ్లో జరిగాయి. నేను ఒక్క ఆట కూడా గెలవలేదు. మెషీన్ కత్తికి మొన మీద సరిపడా ఒత్తిడి పడితేనే లైటు వెలుగుతుంది. కళ్లకు కనబడితే చాలన్నట్టు తేలిగ్గా తాకించడం నేర్చుకున్నదాన్ని. నేను తాకించాననుకున్న ప్రతిసారీ లైటు వెలగకుండా ఉండిపోయింది. ఎదుటి పిల్లలు ఎవరూ తగిలిందని చెప్పలేదు. వాళ్లది తప్పేమీ కాదు. అక్కడ అట్లా చెప్పే ఆచారమే లేదు. లైటు ఉంది కదా. గెలవలేకపోయినా, పాల్గొన్నట్టు సర్టిఫికెట్ మాత్రం ఇచ్చారు.

తిరిగొచ్చేసరికి నా జోడీ ఆడటం తగ్గించింది. కడుపునొప్పి అనేది, పరీక్షలనేది. తర్వాత పూర్తిగా మానేసింది. ఇంటర్ అయ్యాక పోలీసు కొలువుకు పరుగు పందెం నేర్చుకుంది గానీ రాత పరీక్షలో పోయింది. ఒక లారీ డ్రైవర్‌తో పెళ్లయింది. కేసముద్రం యార్డులోనే ఎండుమిరపకాయలు ఏరే పనికి కుదిరింది. నాకు క్రీడల కోటాలో అటవీశాఖలో బీట్ ఆఫీసర్ కొలువు వచ్చింది, భూపాలపల్లి వైపు. చేరిన రోజు ఫోన్ చేస్తే, "మంచిగైంది. అడవిల జర పైలం" అంది. ఆ గొంతులో అసూయేమైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

మేడంకు కిడ్నీలు పాడయ్యాయి. సెలవు పెట్టి జనగామలో అన్న ఇంట్లో ఉండేది. వారానికి రెండుమార్లు దవాఖానకు పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలి. చూడటానికి వెళ్తే మంచం మీదే కూర్చుని, నా యూనిఫాం బాగుందని మెచ్చుకుంది. కాసేపయ్యాక అడిగింది.

"నేను తప్పు నేర్పిన్నా బిడ్డా?"

"ఏంది మేడం?"

"ఆ రోజు లేచి నిలబడ్డ. ఊకో అని చెప్పాలనుకున్న. నేనే నేర్పి, నేనే ఊకో అని ఎట్ల అనాలె? కూసున్న. ఇన్నేండ్లయినా ఆ పిల్ల మొకమే కండ్లల్ల మెదుల్తది. నువ్వన్న చెప్పు, అనాల్సి ఉండెనా?"

అన్నా కష్టమే, అనకపోయినా కష్టమే. అని ఉంటే నాకు ఈ కొలువు లేదు. ఆ మాట నోటితో ఎట్లా చెప్పేది? ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మణికట్టు దగ్గర సూదులు గుచ్చిన చోట ఉబ్బి ఉంది.

పోయిన చలికాలంలో మేడం చనిపోయింది. జనగామలో చర్చి సమాధుల దగ్గర జనం ఎక్కువ లేరు. పాస్టరు ప్రార్థన చెప్తుండగా నా జోడీ వచ్చింది. యార్డు నుంచి నేరుగా వచ్చినట్టుంది, వేళ్ల చివర్లు ఎర్రగా ఉన్నాయి. కళ్లు తుడుచుకోబోయి, మిరపచెయ్యి అని గుర్తొచ్చి ఆగి, కొంగుతో ఒత్తుకుంది. ఇద్దరం పిడికెడు మన్ను వేశాం.

బస్టాండు దాకా నడిచాం. చాయ్ తాగుతుండగా ఎన్నాళ్లనుంచో లోపల దాచుకున్నది అడిగేశాను.

"ఆ రోజు నిజంగనే తగిలిందా?"

"తగిలింది. చాన రోజులు నల్లగ కమిలి ఉండె. మా అవ్వ పసుపు రాసింది." చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టింది. "గిప్పుడైతే చెప్పను."

నా గ్లాసు కూడా ఆమె గ్లాసు పక్కన పెట్టాను.

"మేడం ఉన్నన్నాళ్లు గీ మాట అనలే. ఆమె బాధపడ్తదని. నువ్వు గూడ మనసుల పెట్టుకోకు. నీ మీద నాకేం లేదు. ఆ పిల్ల మీదనే కోపం. నా మీదనే. ఎవ్వలడిగిండ్రే దాన్ని?"

వాళ్ల నాయిన మాటే అది. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ రోజు వరండాలో ఆయన అలా అన్నాడని ఆమెకు తెలుసో లేదో, నేను చెప్పలేదు. హనుమకొండ బస్సు వస్తే ఆమె లేచి, చెప్పులు సవరించుకుని, జనాన్ని తోసుకుంటూ ఎక్కింది. సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడి, నా వైపు ఒకసారి తల ఊపింది.

ఇప్పుడు అప్పుడప్పుడు ఫోన్ చేస్తాను. ఎత్తుతుంది. పిల్లల చదువులు, యార్డుకు మిర్చి రాక, మా అడవిలో ఎండాకాలం అంటుకునే మంటలు, వీటి గురించి మాట్లాడుకుంటాం. ఒక్కోసారి మేడం మాట వస్తుంది. అప్పుడు ఆమే మాట మార్చి, అన్నం తిన్నవా అని అడుగుతుంది.