రోడ్డు రోలరుకూ గుర్రానికీ వరస కలిపిన రోజులు

ఆ రోజుల్లో నేను భయపడటానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. ఫోను ఒక్కసారి టింగుమంటే చాలు, చేతిలోని గరిటె చేతిలోనే నిలిచిపోయేది. ఇప్పుడు చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి, నేనూ నవ్వుతున్నాను. కానీ అప్పట్లో ఒక రోడ్డు రోలరుకూ ఒక గుర్రానికీ మధ్య నేను కలిపిన వరస వల్ల పులివెందుల మగవాళ్ళూ, ప్రొద్దుటూరు ఆడవాళ్ళూ ఒకేసారి నా మీద అలిగి కూర్చున్నారు. రెండు పక్షాల కోపం ఒక్కరి మీదికే రావడం కూడా ఒక యోగమేనని మా నాయన అన్నాడు. (ఆయన పురోహితుడు. దేనిలోనైనా ఒక యోగం కనిపిస్తుంది ఆయనకు.)

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పటినుంచీ ఉబ్బసం. బడి గదుల సుద్దముక్కల ధూళి పడదని డాక్టరు చెబితే, ప్రొద్దుటూరులో మా ఇంటి వసారాలోనే నాయన పొద్దుటి పూజ ముగించుకుని నాకు పాఠాలు చెప్పేవాడు. మధ్యాహ్నం అవ్వ కథలు. పరీక్షలు తర్వాత ప్రైవేటుగా కట్టాను. ఇంతకంటే మంచి చదువు ఎవరికి దొరుకుతుందని నేను ఇప్పటికీ స్వామికి దండం పెట్టుకుంటాను. అయితే ఇంటి చదువులో ఒక విశేషముంది. లోకమంతా వసారాలోకి నడిచి వస్తుంది, వచ్చినవాళ్ళను ఏదో ఒక వరస పెట్టి పిలవాలి. పూలమ్మే ఆమె అత్త, పాలుపోసే ఆయన మామ, గ్యాసు బండ దించే అతను అన్న. మొట్టమొదటిసారి కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషిని వరస పెట్టి పిలవలేదని అవ్వ నన్ను కసురుకుంది. "పెద్దమనిషిని నిలబెట్టి మొగాన కొట్టినట్టు మాట్లాడతావేందే? అన్నా అంటే నీ నోరు పోతాదా?"

అలాంటి ఇంట్లో పెరిగిన నాకు దేవుడి దయవల్ల ఇంట్లోంచే చేసుకునే పని ఒకటి దొరికింది. హైదరాబాదులో బొమ్మల కథల పుస్తకాలు అచ్చువేసే సంస్థవారు ఇంగ్లీషు పుటలు పంపితే, బొమ్మల నోళ్ళ దగ్గరుండే ఆ తెల్లటి బుడగల్లోకి నేను తెలుగు మాటలు రాసి పంపాలి. ఇల్లు కదలకుండానే లోకం మీదికి వెళ్ళివచ్చే దారి అది. మొదటి పుస్తకం అచ్చయి వచ్చినరోజు దాన్ని దేవుడి గదిలో పెట్టి బొట్టుపెట్టాను. (దాని అట్ట మీదే ఒక రాక్షసుడు నాలుక చాపి ఉంటాడు. బొట్టు వాడికి పడింది.)

ఆ సంస్థవారి పుస్తకాల్లో రెండు రకాలకు మా జిల్లాలో మంచి గిరాకీ ఉండేది. ఒకటి ఉక్కుదళం. లారీలు, క్రేన్లు, ట్రాక్టర్లు మడతలు విప్పుకుని మనుషుల్లా లేచి నిలబడి యుద్ధాలు చేస్తాయి. వాటికి నాయకుడు దళపతి అనే రోడ్డు రోలరు. రెండోది వెన్నెల గుర్రాలు. అరచేతిలో ఇమిడే రంగురంగుల గుర్రాలు, మెడ మీద పొడుగాటి జూలు, దువ్వుకోవడానికి చిన్న దువ్వెన. వాటికి రాణి ఉంటుంది. రెండూ ముందు దుకాణాల్లో ఆటబొమ్మలుగా వచ్చి తర్వాత కథలుగా మారినవే. చిన్నప్పుడు వాటితో ఆడుకున్నవాళ్ళు పెద్దయి, పెళ్ళిళ్ళయి, షాపులు పెట్టుకున్నాక కూడా వదల్లేదు. ఇటువంటి సమయంలో ఆ రెండు లోకాలనూ కలిపి ఒకే కథగా మూడు పుస్తకాలు తెస్తున్నామని ప్రకటన వచ్చింది. తెలుగు రాసే పని నాది. పాఠకుల మాట నేరుగా వినాలని ఎడిటరు సారు నన్ను అభిమానుల ఫోను గ్రూపులో కూడా చేర్చాడు. ఆయన మంచికే చేర్చాడు.

మొదటి పుస్తకంలో దళపతి దారితప్పి వెన్నెలలోకంలో పడతాడు. రాణి ఎదురవుతుంది. ఇంగ్లీషులో ఇద్దరూ పుటల తరబడి మాట్లాడుకుంటారు, ఒక్కచోట కూడా ఒకరినొకరు ఏ వరసా పెట్టి పిలుచుకోరు. నాకు మనసొప్పలేదు. మావైపు బస్టాండులో దువ్వూరు బస్సు ఎక్కడ ఆగుతుందని అడగాలన్నా ముందు అప్పా అనో అక్కా అనో అంటాం. ఊరుగాని ఊళ్ళో, పరాయి ఆడకూతురితో, అంత పెద్ద దళానికి నాయకుడైనవాడు బొత్తిగా మర్యాద లేకుండా మాట్లాడతాడా? స్వామికి దీపం పెట్టి వచ్చి, నిశ్చింతగా మొదటి బుడగలో రాశాను: "అక్కా, ఇది ఏ లోకం?"

పుస్తకం వచ్చినరోజు ఉదయం కాఫీ తాగుతూ గ్రూపు తెరిచాను. కాఫీ అక్కడే చల్లారిపోయింది. మొదటిది పులివెందులలో బ్యాటరీల షాపు నడిపే ఒకాయన రికార్డు చేసి పంపిన గొంతు. గ్రూపులో అందరూ ఆయన్ను బ్యాటరీ మామ అంటారు. "ఎవురప్పా ఈ తెలుగు రాసింది? మా దళపతి వయసెంత, ఆ గుర్రం వయసెంత? సూర్యుడు పుట్టకముందు పుట్టినోడు మావోడు. ఆయమ్మ నిన్న మొన్న పిల్ల. పోయిపోయి ఆయమ్మను అక్కా అంటాడా? మావోణ్ణి ఇంత చిన్నోణ్ణి చేస్తే మేం మొగం యాడ పెట్టుకోవాల?" ఆ వెంటనే ప్రొద్దుటూరులో బ్యూటీ పార్లరు నడిపే పార్లరు అక్క. ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపుంది. దానికే ఇంకా భయం వేసింది. "ఏమ్మా తల్లీ, నీకేం అపకారం చేసినాం? ఈ ఇద్దరూ ఎప్పుడు కలుస్తారా, ఎప్పుడు ఒకటైతారా అని ఎన్నేండ్లుగా కాచుకోని ఉండాం! నా అద్దం ముందర రెండు బొమ్మల్నీ జంటగా పెట్టుకున్యా. ఒక్క మాటతో అక్కా తమ్ముళ్ళను చేసి పెడితివే!" ఇడుపులపాయలో చదువుకునే ఒక అమ్మాయి ఇద్దరి వంశాలనూ గీతలు గీసి పంపింది. ఏ దారిన చూసినా అక్క కావడం కుదరదని తేల్చింది.

నేను మర్యాద చేశాననుకున్నాను. అది ఒకరికి అవమానమైంది, ఇంకొకరికి సంబంధం చెడగొట్టడమైంది. మూడు ఊళ్ళనుంచి మాటలు వస్తూనే ఉన్నాయి. ఫోనును బియ్యం డబ్బాలో పెట్టాను. డబ్బాలోనూ టింగుమంటూనే ఉంది.

ఇంత చాలదన్నట్టు రెండో పుస్తకం పుటలు వచ్చాయి. ఒక్కొక్కటే చూసుకుంటూ చివరి పుటకు వచ్చాను. ఎర్రటి ఆకాశం. దళపతి తన ఇనుప చెయ్యి చాచాడు, రాణి తన కాలి గిట్టను అందులో పెట్టింది. నిన్ను చూశాకే నా ఇంజనుకు వేడి తెలిసిందని అంటున్నాడు! "రామచంద్రా!" అని పైకే అరిచాను. పోయిన పుస్తకంలో అక్కా అన్న నోటితో ఈ మాటలా? అదీ నా చేతిమీదుగానా? కంప్యూటరు మూసి, పైన తువ్వాలు కప్పి, వెళ్ళి దేవుడి గదిలో కూర్చున్నాను. అవ్వ వచ్చి, "ఏందే, యంత్రానికి జలుబు చేసిందా?" అని అడిగింది.

మర్నాడు ఎడిటరు సారు ఫోను. కోప్పడలేదు పాపం. "అమ్మా, కడప జిల్లా అభిమానులు రెండో పుస్తకం కొనబోమంటున్నారు. మనకు ఎక్కువమంది చదువరులు అక్కడే. వాళ్ళు సమాధానపడితే సరేసరి, లేకపోతే తెలుగును ఇక్కడితో ఆపేద్దామంటున్నారు పైవాళ్ళు. ఆదివారం జమ్మలమడుగులో అందరూ కలుస్తున్నారట. ఒకసారి వెళ్ళి మాట్లాడగలరా?" తెలుగు ఆగిపోతే నా పనీ ఆగిపోతుంది. మళ్ళీ వసారా, మళ్ళీ గోడలు. వెళ్తానన్నాను. ఆ మాట అన్నది నేనేనా అని నాకే అనుమానం వచ్చింది.

ఒంటరిగా పంపనని అవ్వ బయలుదేరింది. చేతిలో ఆంజనేయస్వామి సిందూరం పొట్లం పట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదురుగా వచ్చే ప్రతి నాపరాళ్ళ లారీ మడతలు విప్పుకుని లేచి నిలబడి, అక్కా అని ఎందుకు రాశావని నిలదీస్తుందేమోనని తల వంచుకునేదాన్ని. పొట్లం చెమటకు తడిసి అరచెయ్యంతా ఎర్రగా అయింది. "ఎవుర్నన్నా పొడిచొచ్చినట్టుండావు, తుడుచుకో," అంది అవ్వ.

కలిసే చోటు ఒక మెస్సు పై గది. మెట్ల దగ్గర నిలబడి ఉన్న మెలితిప్పిన మీసాలాయన మమ్మల్ని చూసి, "చూసి ఎక్కక్కా, ఆ పైమెట్టు ఊగుతాంది. అవ్వను పట్టుకో," అన్నాడు. పైకి వెళితే గది సరిగ్గా నిశ్చితార్థంలా ఉంది. ఒకవైపు పులివెందుల మగవాళ్ళు, ఇంకోవైపు ప్రొద్దుటూరు ఆడవాళ్ళు. నడుమ బల్ల మీద, స్టీలు తట్టలో రోడ్డు రోలరు, ఇంకో తట్టలో జూలు దువ్విన రాణి. మీసాలాయన వచ్చి మగవాళ్ళ వరసలో ముందు కూర్చుని గొంతు సవరించుకుంటే తెలిసింది, బ్యాటరీ మామ ఆయనేనని. నేనే తెలుగు రాసేదాన్నని చెప్పాను. చెప్పాననుకున్నాను. నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. అవ్వే చెప్పింది.

"అయితే నువ్వేనా! చెప్పుమ్మా మరి," అన్నాడాయన. "యుగాల పెద్దమనిషి. చిన్నపిల్లను పట్టుకోని అక్కా అనడం ఏం న్యాయం?"

నేను ముందే అనుకుని వచ్చిన జవాబులన్నీ నాతోపాటు దిగకుండా ఆ బస్సులోనే వెళ్ళిపోయాయి. అవ్వ బయట వండినవి ముట్టదు, సంచిలోంచి అరటిపండు తీసి ఒలుచుకుంటోంది. ఒలుస్తూనే తలెత్తింది. "ఏమప్పా, ఇందాక మెట్ల కాడ నా మనవరాల్ని ఏమని పిలిచినావు?"

"ఏమని పిలిచినా? మెట్టు ఊగుతాంది, చూసెక్కక్కా అని..."

"నీ మీసానికున్న వయసు లేదు దానికి. నువ్వేమన్నా చిన్నోడివైపోతివా?"

మగవాళ్ళ వరస వెనకనుంచి ఎవరో, "మామా, దొరికిపోతివి!" అన్నారు. గదంతా నవ్వులు. బ్యాటరీ మామ మీసం సవరించుకుని, "అది మర్యాదకంటిమి లేవ్వా," అన్నాడు. "ఆ ఇనప నాయన కూడా మర్యాదకే అన్యాడు," అంది అవ్వ.

నేను ఊపిరి పీల్చుకునేలోపే పార్లరు అక్క లేచింది. కళ్ళలో నీళ్ళు. "మర్యాదకే కానీ అవ్వా. ఒకసారి అక్కా అన్న నోటితో రేపు పెండ్లాడతానంటే బాగుంటాదా? మా ఆశంతా పోయిందే!" ఇదే నా అసలు భయం. చివరి పుట సంగతి ఆమెకు తెలియదు, నాకు తెలుసు, చెప్పడానికి వీల్లేదు. నేను సిందూరం చేతిని చీర కొంగులో దాచుకున్నాను. అవ్వ మాత్రం అరటితొక్కను జాగ్రత్తగా కాగితంలో చుట్టి, ఆమెను ఎగాదిగా చూసింది.

"దీని తాత ఒక పెండ్లికి మంత్రాలు చెప్పను దువ్వూరొచ్చినాడు. బాయికాడ నేను నీళ్ళు చేదుకుంటాంటే, అక్కా, ఇన్ని నీళ్ళు పోయమని అడిగినాడు. పోసినా. ఆర్నెల్లు తిరక్కుండా పెండ్లిచూపులని వస్తే, ఆయనే! నన్ను చూసి మొగం సున్నం కొట్టినట్టైపాయ. మా నాయన, ఏంది బాబూ, పిల్ల నచ్చలేదా అంటే, ఈయన మాట్లాడడు. నేనే లోపల్నుంచి చెప్పినా, నీళ్ళకాడ అక్కా అన్యాడని మొగమాట పడతాండాడు, ఏం ఫరవాలేదని చెప్పండని." అవ్వ చీర కొంగుతో నోరు అడ్డుపెట్టుకుంది. నా జీవితంలో అవ్వ సిగ్గుపడటం చూసింది ఆ ఒక్కసారే. ఈ కథ నాకే తెలియదు!

పార్లరు అక్క ముక్కు తుడుచుకుంటూ, "ఆ మాట రాయమ్మా. అట్లాంటిదేదో రాయి," అంది. బల్ల మీది రెండు తట్టలనూ దగ్గరికి జరిపింది. బ్యాటరీ మామ అడ్డు చెప్పలేదు.

ఇంటికి వచ్చి రెండో పుస్తకం మళ్ళీ తెరిచాను. ఒక మూల, వెన్నెలలోకపు ముసలి గాడిద నోరు తెరుచుకుని ఉంది. ఇంగ్లీషులో అది చలేస్తోందని అంటుంది, కథకు దానితో పనిలేదు. ఆ బుడగలో రాశాను: "తెలియనప్పుడు ఎవరైనా అక్కా అనే పిలుస్తారు నాయనా, నీకంటే చిన్నదైనా సరే. నాకూ నీళ్ళ దగ్గర అలాగే అయింది." ఎడిటరు సారు చదివి ఫోనులో నవ్వీనవ్వీ, ఉండనివ్వమన్నాడు.

పుస్తకం వచ్చినరోజు పొద్దున ఫోను మోగలేదు. ఆ మౌనం బియ్యం డబ్బాలోని టింగుల కంటే ఘోరం. ఆంజనేయస్వామికి తమలపాకుల దండ మొక్కుకున్నాను. మధ్యాహ్నం పార్లరు అక్క ఒక ఫోటో పంపింది. అద్దం ముందు రోడ్డు రోలరు, రాణి పక్కపక్కన, ఇద్దరి నెత్తినా అక్షింతలు. దాని కింద బ్యాటరీ మామ: "గాడిద బాగా చెప్పిందక్కా." తెలుగు నిలిచింది. నేను గరిటె పట్టుకుని నిలబడ్డచోటే ఏడ్చాను.

మూడో పుస్తకంలో, చెప్పుకోవాలి కదా, ఇద్దరూ విడిపోయారు. ఎవరి లోకం వారిది. దళపతి వెనుదిరిగి ఇంగ్లీషులో ఒక్క మాట అంటాడు, ఇక సెలవని. మా ఇంట్లో గడప దాటేవాళ్ళెవరూ ఆ మాట అనరు. పోయేవాళ్ళు పోతున్నానని చెబితే అవ్వ వెనక్కి పిలిచి మళ్ళీ చెప్పించేది. ఆలోచించకుండానే చెయ్యి రాసేసింది: "వెళ్ళొస్తాను."

అవ్వ ఇప్పుడు లేదు. కథ అంతటితో ముగిసిందని సంస్థవారు ఎప్పుడో చెప్పేశారు. కానీ ఏ పండగకో బ్యాటరీ మామ ఫోను చేస్తాడు, నాకంటే ఎంత పెద్దవాడైనా అక్కా అనే అంటాడు. పార్లరు అక్క కూడా చేస్తుంది. ఇద్దరూ అడిగేది ఒకటే. "వస్తానన్యాడు కదా, ఎప్పుడొస్తాడు?"

ఒకప్పుడైతే వణికిపోయేదాన్ని. ఆ వణికే పిల్ల, ఎర్రటి అరచేతితో బస్సు కిటికీ దగ్గర కూర్చున్న పిల్ల, నాకిప్పుడు ఎవరో చుట్టాలమ్మాయిలా కనిపిస్తుంది. పక్కన కూర్చుని చెయ్యి తుడవాలనిపిస్తుంది. ఫోను చెవికి ఆనించుకుని వసారాలోకి వచ్చి, వీధి వైపు ఒకసారి చూసి చెబుతాను.

"వస్తాడు లేప్పా. వస్తానని చెప్పే పోయినాడు కదా."