హనుమంతరాయప్ప మామకు నేనేసిన సున్నా

చదువుకున్నవాళ్లు చేసే వెధవపనికి ఒక సౌకర్యం ఉంది. దానికి ముందుగానే నిధులు మంజూరవుతాయి. నాకూ అలాగే మంజూరయ్యాయి, ఒక మనిషి ప్రాణం పోబోయింది. నవ్వు వస్తే నన్ను చూసి నవ్వండి, ఆయన్ను చూసి కాదు.

పీహెచ్‌డీ ముగిసిన కొత్తలో, యువ పరిశోధకులకిచ్చే గ్రాంటుకు దరఖాస్తు పెట్టాను. సోలారు పార్కుకు పొలాలు లీజుకిచ్చిన కర్ణాటక పావగడ రైతుల మానసిక ఆరోగ్యం నా విషయం. ఇంటర్వ్యూలో ఒక పెద్దావిడ అడిగింది.

"వాళ్లు మీతో మనసు విప్పుతారా?"

"మాది ఆ పావగడ తాలూకాలోనే, వై.ఎన్.హొసకోట మేడమ్. నన్ను చూస్తే చాలు, చెప్పేస్తారు!"

అప్పటికి నాకు కొమ్ములు మొలవలేదు గానీ, మొలిచే చోట దురద మొదలైంది.

గ్రాంటు వచ్చింది. మొదటి ఏడాదే ఫలితాలు చూపకపోతే రెండో ఏడాది నిధులుండవన్న షరతూ వచ్చింది. ఇంకేం, నిడుగల్లు దగ్గర ఒక పల్లెలో ప్రశ్నల కాగితాలు పట్టుకుని, పోలియో చుక్కలు వేసేదానిలా ఇల్లిల్లూ దూరాను.

హనుమంతరాయప్ప మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వేరుశనగ చేను లీజుకిచ్చాక, మేపే చోటు లేక గొర్రెలనూ అమ్మేశాడు. పక్కన భార్య లక్ష్మక్క, చుట్టూ సగం ఊరు. ఇంతమంది ముందా అని మీరడుగుతారు. నాకు తట్టలేదు.

"మామా, ఈ రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా?"

"ఏం పని పాపా? చేను సోలారు ప్లేట్ల కింద ఉండాది. గొర్లు సంతకు పోయినాయి."

"తగ్గిందా, లేదా?"

"లేని పని మీద యాడ తగ్గుతాది?"

'లేదు' అని రాసుకున్నాను.

"నిద్ర పడుతోందా?"

"పొద్దస్తమానం పండుకోనే ఉంటా."

'బాగా పడుతోంది.'

"చచ్చిపోతే బాగుండునని అనిపించిందా?"

ఆయన లక్ష్మక్క వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఛ, యాల అనిపిస్తాది పాపా" అన్నాడు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు పెద్దలు. నేను మూతైనా తీయకుండా పొయ్యి ఆర్పేశాను. దిగులుకు వేసే మార్కులు కూడి చూస్తే సున్నా వచ్చింది.

"మామా, మీకేం లేదు! మీ మనసు గుండ్రాయి!" అని ఊరంతా వినేలా ప్రకటించాను. జనం చప్పట్లు కొట్టారు.

పన్నెండో రోజు లక్ష్మక్క ఫోన్ చేసింది.

"పాపా, మీ మామ సావబోయినాడు. గొర్లు కాసేటోళ్లు చూసి ఆసుపత్రికి ఎత్తుకొచ్చినారు. బతికినాడు."

ఆసుపత్రి మంచం పక్కన నిలబడి ఏడ్చాను. చివరికి ఆయనే నన్ను ఓదార్చాడు.

"నీ తప్పేం లేదు పాపా. పెద్ద చదువులు చదివినదానివి, నాకేం లేదంటివి. ఊరంతా విన్నారు. ఇంక బాగలేదని ఎవురికి చెప్పేది?"

ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు.

"ఈడెవురూ లేరు. ఇప్పుడడుగు."

"కాగితం తేలేదు మామా."

"అట్లయితే చెప్తా."

గొర్రెలను సంతలో వదిలి వచ్చిన రోజు దగ్గర మొదలుపెట్టి, మధ్యాహ్నం దాకా చెప్పాడు.

నేను పోగుచేసిన సమాధానాలేవీ పనికిరావని, ఎందుకు పనికిరావో కూడా గ్రాంటు ఇచ్చినవాళ్లకు రాశాను. రెండో ఏడాది నిధులు ఆగిపోయాయి. మామ మాత్రం నెలనెలా మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్తున్నాడు.

కనుక సమస్త పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. అవును, కాదు అని రెండే గళ్లున్న కాగితంతో బతికున్నంతకాలం ఎవరి గడపా తొక్కను. ఎవరైనా "నాకేం లేదు" అంటే, ఆ రోజుకు అక్కడినుంచి లేవను.