పలమనేరు స్విచ్చిలో జయమ్మ పేరు

మా ఇల్లు చంద్రగిరిలో, కోటకు దగ్గర్లోనే. రాజమహల్ వెనక గజ్జెల చప్పుడు విన్నామనేవాళ్లను చిన్నప్పటి నుంచి చాలామందిని చూశాను. వాళ్లను నేను అడిగేవి రెండే ప్రశ్నలు. టైమెంత? ఏం తాగి ఉన్నావు? దయ్యాల మీద నాకు నమ్మకం లేకపోవడం కాదు, అసలు ఓపికే లేదు. నేనిప్పుడు చెప్పబోయేది విని నన్ను కూడా అవే అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా. టైము మధ్యాహ్నం రెండూ నలభై. నేను తాగింది టీ.

రెండు వేల ఆరో, ఏడో సంవత్సరం. రేణిగుంట దగ్గర ఒక ప్రైవేటు డెయిరీలో నెట్‌వర్క్ పని చూసేదాన్ని. జిల్లాలో ఆ డెయిరీకి ఇరవై రెండు పాల కేంద్రాలుండేవి. రైతులు పొద్దున, సాయంత్రం పాలు తెస్తే అక్కడి మిషను వెన్న శాతం చూసి ఆ అంకెను మా ఆఫీసుకు పంపేది. ఇక్కడి నుంచి జవాబు పోతేగాని పాలను చల్లబరిచే ట్యాంకులోకి పొయ్యరు. లైను తెగితే పాలు క్యాన్లలోనే ఉండిపోతాయి. మే నెలలో మా జిల్లా ఎండకు క్యాన్లో పాలు ఏమవుతాయో నేను చెప్పనక్కర్లేదు.

ప్రతి కేంద్రంలోనూ ఒక స్విచ్చి, అంటే అక్కడి కంప్యూటర్లనూ మిషన్లనూ మా ఆఫీసుతో కలిపే పెట్టె. ఆ ఏడాది ఆఫీసు కంప్యూటర్లకు వైరస్ పట్టి లైన్లన్నీ నిండిపోయాయి, పాల అంకెలు మధ్యలోనే చిక్కుకుపోయాయి. పాలకొక దారి, ఆఫీసుకొక దారి విడగొట్టమని మేనేజరు ఆర్డరు వేశాడు. కొత్త స్విచ్చులు మాత్రం కొనడట. ఉన్న స్విచ్చినే రెండు స్విచ్చులుగా నడిపించాలి. దీన్ని మేం వర్చువల్ రూటింగ్ అంటాం. అన్నదమ్ములు ఒకే కప్పు కింద ఉంటూ పొయ్యిలు వేరు పెట్టుకున్నట్టు. ఒకరి కూర సంగతి ఇంకొకరికి తెలియదు.

అప్పటిదాకా స్విచ్చుల్లో ఏ మార్పయినా మునిరత్నం సార్ చేత్తో చేసేవాడు. యాభై దాటిన మనిషి, టెలిఫోన్ లైన్ల పని నుంచి ఇటు వచ్చాడు. రోజుకు ఒక్క స్విచ్చి. అంతకంటే ముట్టుకోడు. ఆయనకొక పద్ధతుంది. ముందు ఆ కేంద్రానికి ఫోన్ చేసి అక్కడున్న మనిషిని పేరు పెట్టి పిలిచి, పది నిమిషాలు పెట్టె కాడే నిలబడమనేవాడు. లైట్లు ఆరితే భయపడొద్దనేవాడు. తర్వాత స్విచ్చికి “పది నిమిషాల్లో నీ అంతట నువ్వే ఆగి లేవు” అని ఆజ్ఞ ఇచ్చేవాడు. పని మధ్యలో తప్పు జరిగి లైను తెగినా, పది నిమిషాలకు స్విచ్చి పాత సెట్టింగులతో లేచి కూర్చుంటుంది. అంతా బాగుంటే ఆ ఆజ్ఞను రద్దు చేసుకుంటాం.

ఆ ఆజ్ఞ పక్కన కారణం రాసే చోటు ఒకటుంటుంది. అందరూ ఖాళీగా వదిలేస్తారు. మునిరత్నం సార్ అక్కడ ఆ కేంద్రంలో ఉన్న మనిషి పేరు రాసేవాడు. పుత్తూరయితే గోవిందమ్మ. పీలేరయితే ఖాదర్ బాషా.

నేనొకసారి ఎగతాళి చేశాను. స్విచ్చికి గోవిందమ్మ ఎవరో తెలుసా సార్ అన్నాను.

“దానికి తెల్దు మ్మా. నాకు తెలియాల గదా, ఆ తట్టు ఒక మనిషి ఉండాదని,” అన్నాడు.

నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. మంచి స్పీడు మీదున్నాను. రెండు వారాలు కూర్చుని ఒక స్క్రిప్టు రాశాను. కేంద్రాల జాబితా ఇస్తే చాలు, ఒక్కొక్క స్విచ్చిలోకి అదే దూరి, అదే దారులు విడగొట్టి, బయటికొస్తుంది. నా టేబుల్ మీద ఒక స్విచ్చి పెట్టి, దానికి నేరుగా కేబుల్ తగిలించి పదిసార్లు చూశాను. పదిసార్లూ పాసయింది. మేనేజరు ఆ స్క్రిప్టును చూశాడు, తర్వాత మునిరత్నం సార్ కాంట్రాక్టు కాగితం చూశాడు. నెల తిరక్కుండానే ఆయన పాకాలలోని ఇంటికి వెళ్లిపోయాడు. నేను ఒక్క మాట అడ్డం చెప్పలేదు. పోతూ పోతూ తన నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని తెరవకుండానే సొరుగులో పడేశాను.

మే నెలలో ఒక ఆదివారం. పొద్దుటి పాలు అయిపోయాయి, సాయంత్రం పాలు అయిదుకు మొదలవుతాయి. టీ తెచ్చుకుని రెండూ నలభైకి స్క్రిప్టు నడిపాను. గదిలో నేనొక్కదాన్నే.

మొదటి స్విచ్చి పలకడం మానేసింది. రెండోదీ అంతే. నేను తేరుకుని ఆపేలోగా ఇరవై రెండూ పోయాయి.

తప్పేమిటో అప్పుడు తట్టింది. స్విచ్చిలో ఒక లైనును కొత్త దారిలోకి మార్చగానే ఆ లైను అడ్రసు చెరిగిపోతుంది. మళ్లీ ఇవ్వాలి. నా స్క్రిప్టులో ఆ తర్వాతి వరుస అదే. కాని అడ్రసు చెరిగిన క్షణమే మా మధ్య లైను తెగిపోతే, తర్వాతి వరుస ఎక్కడికి పోతుంది? టేబుల్ మీద నేరుగా కేబుల్ పెట్టి చూశాను కాబట్టి ఆ తెగడం నాకు కనబడలేదు. ఇంట్లో బకెట్లో ఈత నేర్చుకుని బావిలో దూకినట్టయింది.

పది నిమిషాల ఆజ్ఞ నా స్క్రిప్టులో లేదు. అది ముసలివాళ్ల భయమని నేనే తీసేశాను.

ఇక ఎవరో ఒకరు కేబుల్ పట్టుకుని జిల్లా ఆ కొస కుప్పం నుంచి ఈ కొస సత్యవేడు దాకా తిరగాలి. అయిదు గంటలకు పాలు వచ్చేస్తాయి. ఆ ఊళ్లలో క్యాన్లు సైకిళ్లకు కట్టుకుని వచ్చేవాళ్లు కళ్ల ముందు కదిలారు. ఇరవై రెండు ఊళ్ల పాలు నా వల్ల విరిగిపోతున్నాయి.  ఏడ్చాను, దాచేదేముంది.

రెండూ నలభై ఆరుకు స్క్రీన్ మీద పుత్తూరు స్విచ్చి పలికింది. తర్వాత నగరి. తర్వాత పీలేరు. మూడు కాకముందే ఇరవై రెండూ పాత సెట్టింగులతో లేచి కూర్చున్నాయి. సాయంత్రం పాలు ఒక్క చుక్క పోలేదు.

మేనేజరుకు చెబితే, “వోల్టేజీ అయ్యుంటాది లేమ్మా, గమ్మునుండు,” అన్నాడు. ఇరవై రెండు ఊళ్లలో ఒకేసారి వోల్టేజీయా?

గమ్మునుండడం నాకు చేతకాదు. స్విచ్చుల్లో ఏం జరిగినా ఆఫీసులో ఒక కంప్యూటరు రాసిపెట్టుకుంటుంది. అది తెరిచాను. రెండూ ముప్పై ఆరుకు, అంటే నేను స్క్రిప్టు మొదలుపెట్టడానికి నాలుగు నిమిషాల ముందు, ఇరవై రెండు స్విచ్చులకూ పది నిమిషాల ఆజ్ఞ అందింది. ఎక్కడి నుంచి అందిందో కూడా ఉంది. కన్సోల్ నుంచి. అంటే దూరం నుంచి కాదు, ఆ స్విచ్చి ముందు కూర్చుని దానికే కేబుల్ పెట్టిన మనిషి ఇవ్వాలి. ఇరవై రెండు ఊళ్లలో, ఒకే నిమిషంలో.

కారణం అన్నచోట పేర్లున్నాయి. పుత్తూరు గోవిందమ్మ. పీలేరు ఖాదర్ బాషా.

సొరుగులోంచి మునిరత్నం సార్ నోటుబుక్కు తీసి, అందులో ఆయన రాసుకున్న కేంద్రాల మనుషుల పేర్లతో ఒక్కొక్కటీ సరిచూశాను. నాకు కోపమే వచ్చింది. ఎవరో ఈ పుస్తకం చూసి నాతో ఆడుకుంటున్నారు అనుకున్నాను. ఇరవై ఒక్క పేర్లు సరిపోయాయి. పలమనేరు ఒక్కటే తేడా. పుస్తకంలో కృష్ణప్ప అని ఉంది, స్విచ్చిలో జయమ్మ అని ఉంది. సోమవారం పొద్దున ఆఫీసులో అడిగితే జయమ్మ అనే పేరే లేదన్నారు. మధ్యాహ్నానికి పలమనేరు నుంచి కాగితం వచ్చింది. కృష్ణప్ప మానేశాడు, అతని స్థానంలో శుక్రవారం నుంచి జయమ్మ అనే ఆమె పనిలో చేరింది అని.

ఆ కాగితం చూశాక నా కోపం పోయింది. దాని స్థానంలో ఏం వచ్చిందో మీరే ఊహించుకోండి.

బుధవారం సెలవు పెట్టి పాకాల బస్సెక్కాను. నిజం చెప్పాలంటే, ఆయన బతికి ఉన్నాడా లేడా అని దారి పొడుగునా భయపడుతూనే ఉన్నాను. ఉన్నాడు. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు.

“ఏమ్మా, ఇంత దూరం వచ్చినావు? సంగటి తిని పోదువు రా.”

జరిగిందంతా చెప్పాను. ఆయన ఉద్యోగం పోతుంటే నోరు మెదపనందుకు సిగ్గుగా ఉందని కూడా చెప్పాను. ఆయన ఒక గింజ తీసి పక్కన పడేశాడు. నేను ప్రింటు తీసుకెళ్లిన కాగితాలను అద్దాలు పెట్టుకుని కింది దాకా చదివాడు. పలమనేరు దగ్గర వేలు ఆగింది.

“ఈ జయమ్మ ఎవురు మ్మా?”

ఆ ప్రశ్నతో నా చివరి ఆశ పోయింది. ఇదంతా ఏదో విధంగా ఈయనే చేశాడని ఆ క్షణం దాకా నమ్మాను. ఆదివారం ఆయన మనవరాలి చెవులు కుట్టించడానికి కాణిపాకంలో ఉన్నాడట. ఫోటోలు కూడా చూపించింది వాళ్లావిడ.

ఆయన కాగితాలు మడిచి నా చేతికిచ్చాడు.

“ఆమెకి ఫోన్ చేసినావా?”

లేదన్నాను.

“అదేమ్మా నీతో వచ్చిన చిక్కు. ముందు మనిషికి ఫోన్ చెయ్యాల.”

అక్కడే, ఆయన ముందే, పలమనేరు కేంద్రానికి చేశాను. ఒకామె ఎత్తింది. నేను నా పేరు చెప్పలేదు, హలో, జయమ్మేనా అని మాత్రం అన్నాను. ఆమె గొంతు పెద్దది, మునిరత్నం సారుకు కూడా వినబడింది.

“చెప్పండమ్మా. ఆదివారం మీరు చెప్పినట్టే పది నిమిషాలు పెట్టె కాడే నిలబడినాను. లైట్లు ఆరిపొయ్యి మళ్లా వచ్చినాయి. భయపడొద్దన్నారు గదా, భయపళ్లేదు.”

ఆదివారం చేసింది నేను కాదమ్మా అన్నాను.

“అదేంది? ఇదే గొంతు గదా!” అంది.

ఆ ఆదివారం నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. తర్వాత ఆఫీసు ఫోను బిల్లూ, నా సెల్లు బిల్లూ రెండూ తెప్పించి చూశాను. మధ్యాహ్నం ఒక్క కాల్ లేదు. మిగతా ఇరవై ఒక్క ఊళ్లకు ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. వాళ్లూ అదే మాట అంటారేమోనని భయం.

పాకాల నుంచి వచ్చిన మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని రాసిచ్చి, మునిరత్నం సారును వెనక్కి పిలిపించాను. ఆ పని మేమిద్దరం కలిసి పూర్తిచేశాం. స్క్రిప్టు నాదే, కాని అది మొదలయ్యే ముందు ఆగి, ఆ ఊళ్లో ఉన్న మనిషి పేరు అడుగుతుంది. పేరు రాయకపోతే ముందుకు కదలదు. ఫోన్లు నేనే చేశాను.

ఇప్పటికీ ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే టైమెంత అని అడుగుతాను. రెండో ప్రశ్న మాత్రం అడగలేకపోతున్నాను. జయమ్మ ఆ రోజు ఫోన్ పెట్టేసే ముందు ఒక ప్రశ్న అడిగింది. 

“ఆ పొద్దే అడగాలనుకున్నా. అప్పటికి నేను పనిలోకి వచ్చి రెండు దినాలే గదమ్మా, నా పేరు మీకెట్ల తెలుసు?”