చీరెల మీది వెలుతురు

మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, పోయిన వారం సిద్దిపేటలో కన్నుమూసింది. జ్వరం అని చెబుతున్నారు. జ్వరం ఆఖరున వచ్చింది. అంతకు ముందు వచ్చినదాని పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఎండాకాలంలో ఆమె నోరు ఊరుకునేది కాదు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ ముద్దుపేర్లు పెట్టి నవ్వించేది. ముసురు పట్టిందంటే మాత్రం మంచం పట్టేది. తల దువ్వుకోదు, పిలిస్తే పలకదు. ఏటా అంతే. తాయెత్తు కట్టించారు, దిష్టి తీయించారు, చివరికి బద్ధకం అన్నారు. "బయటి ముసురన్న ఆగుతది బిడ్డా, నా లోపటిది ఆగది," అని ఒకసారి నాతో అంది.

నేనే హైదరాబాదులో డాక్టరుకు చూపించాను. వెలుతురు తగ్గే కాలంలో కొందరికి ఇలా అవుతుందని, ఇదీ జబ్బేనని చెప్పాడాయన. మందులతో పాటు, రోజూ పొద్దున్నే ముందు కూర్చోవడానికి ఒక పెద్ద తెల్లలైటు రాసిచ్చాడు. నిరుడు వానాకాలమంతా దాని ముందు కూర్చుని మక్కకంకులు వలిచింది. "నన్ను గూడ షోకేసుల పెట్టిన్రు గదనే!" అని నవ్వింది. వానల్లో ఆమె నవ్వు వినడం నాకదే మొదటిసారి.

వాళ్లది బట్టల దుకాణం. శ్రావణంలో గిరాకీ ఎక్కువ. ముసురులో పట్టుచీర అసలు రంగు తెలియాలంటే వాకిట్లోకి పట్టుకొచ్చినా లాభం లేదు. అందుకని ఈసారి ఆమె భర్త, మా చిన్నాయన, ఆ లైటును తీసుకుపోయి దుకాణంలో పెట్టాడు. వెళ్లి అడిగాను.

"ఊకె కూసునేటామెకు గంత లైటెందుకు? గిరాకీ అయిపోంగనే తెచ్చిస్త," అన్నాడు.

కొనేవాళ్ల ముందే గొడవ పడ్డాను. ఆయన చీర మడతలు విప్పుతూనే ఉన్నాడు. ఇంటికొచ్చి చెబితే చిన్నమ్మ గోడవైపు తిరిగింది. "పోనీ తియ్యి బిడ్డా. చీరెలకన్న రంగు రానియ్యి," అంది. ఇంకో లైటు తెప్పించాను. అది వచ్చేసరికి ఆమె అన్నం మానేసింది, లేచి కూర్చునే ఓపిక లేదు. ఆ తర్వాతే జ్వరం. పుట్టెడు దుఃఖంలో ఉన్న మనిషిని ఏమీ అనకూడదంటారు. నాకు చిన్నాయన మీద కోపం తగ్గలేదు.

నిన్న వెళ్లాను. ఆమెను చివరిగా పడుకోబెట్టిన చోట దీపం వెలుగుతోంది. కర్మ అయ్యేదాకా అది ఆరకూడదు. చిన్నాయన దుకాణం మూసి దాని పక్కనే కూర్చున్నాడు. వానగాలి కొట్టేసరికి రెండు చేతులూ అడ్డం పెట్టి, "కిటికి ముయ్యిన్రి, దీపం ఆరిపోతది!" అని ఇల్లంతా వినపడేట్టు అరిచాడు.