జానెడు నేల

జూబ్లీ హిల్స్‌లో కామేశ్వరమూర్తి గారి హాలు తుడుస్తున్న పోశవ్వ చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆయన కొత్తగా కొనుక్కొచ్చిన పాత రికార్డులో టెనర్ శాక్సోఫోన్ బీబాప్ అనే వేగమైన జాజ్ బాణీలో పరుగులు తీస్తోంది. ఆ పరుగు కింద ఎవరిదో కాలు మెత్తగా నేలను తడుతోంది.

"సారూ, గది మా ఆయన కాలు. బాలనర్సయ్యది."

మూర్తి గారు నవ్వి రికార్డు అట్ట చూపించారు. దాని మీద కోటు తొడుక్కున్న ఎవరో అందగాడు. "వాయించింది ఈయనమ్మా!"

"గాయన ఫొటోకొచ్చిండు సారూ. పెండ్లి బ్యాండోని మొకం అమ్ముడుపోదన్నరట రికార్డు కంపెనీవోళ్లు. మూడు ఆల్బమ్‌లు మా ఆయనే వాయించిండు. ఒక్కదాని మీద పేరెయ్యలే. కాలు సప్పుడు రావద్దని కింద నా గొంగడి పరిసిన్రు. కృష్ణానగర్ల మా అర్రల దినాం గిదే వాయించెటోడు. జర ఇనుండ్రి, ఇప్పుడు కాలుతోని రెండు దెబ్బలు కొట్టి ఊపిరి గుంజుతడు."

రెండు దెబ్బలు పడ్డాయి. పోయి పదకొండేళ్లయిన మనిషి ఆ హాల్లో గట్టిగా ఊపిరి పీల్చాడు.

మూర్తి గారు పెన్ను తీసి అట్ట మీద ఆ పేరు రాశారు. కంపెనీ అమ్ముకున్న తక్కిన అట్టలన్నిటి మీదా అందగాడే ఉన్నాడు.

పోశవ్వ ఇప్పటికీ రోజూ ఆ హాలు తుడుస్తుంది. స్పీకరు ముందు జానెడు నేల మాత్రం ముట్టదు. అక్కడ బాలనర్సయ్య పాదం ఉంది.